రైలు గేటా, జైలు గేటా

ఏంటే, ఆ తెర మీద చుక్క కనపడకపోతే బండి ఎటు పంపాలో తెలీదా మీకు? చెవులకి అవేవో తగిలించుకుని, ముందు రెండేసి తెరలు పెట్టుకుని, పదిమంది కూర్చుని కూడానా? ఎగతాళి కాదమ్మడూ, నిజంగానే అడుగుతున్నా. మా రోజుల్లో చుక్కా లేదు, గీతా లేదు. మూడు అంబులెన్సు బండ్లు, ఒక గది, ఒక ఫోను. ఆ ఫోను ముందు అక్క. అదే మా కంపెనీ. కూర్చో కూర్చో, నీ డ్యూటీకి ఇంకా టైముందని మీ అమ్మ చెప్పింది. ఆ కుర్చీ కాదు, దాని కాలు ఊగుతుంది, ఇటు రా. అక్క సంగతి నీకెప్పుడైనా చెప్పానా? చెప్పలేదా? చెప్పాననుకున్నానే. మీ అమ్మకి చెప్పానేమో. లేదు, దానికీ పూర్తిగా చెప్పలేదు.

అక్కంటే నా తోడబుట్టింది కాదులే. ఊరందరికీ అక్కే. ఫోనెత్తి అందరిలాగా హలో అనేది కాదు. "వింటున్నానండీ" అనేది. అవతల వాళ్ళు ఏడుస్తున్నా, అరుస్తున్నా, బూతులు తిడుతున్నా, మొదటి మాట అదే, అదే గొంతుతో, తొందరా లేదు, నిదానమూ కాదు. దాంతో డ్రైవర్లం ఆవిడకి వింటున్నక్క అని పేరు పెట్టేశాం. ముందు వెనకాల అనేవాళ్ళం, తర్వాత మొహం మీదే అనేవాళ్ళం, ఆవిడా పలికేది. అసలు ఆవిడ ఫోను కోసం రాలేదు తెలుసా. బండ్లలో దుప్పట్లు, దిండుగలీబులు ఉతకడానికి వచ్చింది. భర్త పోయాడు, పిల్లల్లేరు, ఒక చెల్లెలుంటే పెళ్ళి చేసి పంపింది. ఒకరోజు గదిలో ఎవరూ లేరు. మేం ముగ్గురం మూడు దిక్కులకి పోయాం, ఓనరు టీకి వెళ్ళాడు. ఫోను మోగింది. ఈవిడ తడిచేతులు తుడుచుకుని ఎత్తింది. అవతల క్వారీ ఆఫీసు ఫోన్లో ఎవరో కూలీ ఆయన, ఆ వరండాలోనే భార్యకి నొప్పులు, బిడ్డ తల కనిపిస్తోందంటున్నాడు. ఓనరు తిరిగొచ్చేసరికి ఈవిడ ఫోను భుజానికీ చెవికీ మధ్య ఇరికించుకుని, "లాగకూడదు నాయనా, పట్టుకో అంతే, జారుతుంది, నువ్వు పట్టుకో" అని చెప్తోందట. తల్లీ బిడ్డా ఇద్దరూ బాగున్నారు. మర్నాటి నుంచి దుప్పట్లు వేరేవాళ్ళకి, ఫోను ఈవిడకి.

ఓనరు సంగతి కూడా చెప్పాలి. ఆయన అంతకుముందు బస్సుల మీద బోర్డులు రాసే పెయింటరు. చేతిలో ఎప్పుడూ కుంచే. మా బండి ముందు భాగాన ఆ అక్షరాలు తిరగేసి రాస్తారు చూడు, ముందెళ్ళే కారతనికి అద్దంలో తిన్నగా కనపడాలని, అది తనే రాస్తానని కూర్చున్నాడు. రెండు రోజులు రాశాడు. ప్రతి అక్షరాన్నీ తిరగేశాడు గానీ వరస తిరగెయ్యలేదు. అద్దంలో చూసినా అర్థం కాదు, నేరుగా చూసినా అర్థం కాదు. "ఏముంది పొడుగోడా, సైరన్ వినిపిస్తే తప్పుకోరా ఏంటి" అనేవాడు నాతో. నన్ను పొడుగోడా అనే పిలిచేవాడు, నా తల బండి పైకప్పుకి కొట్టుకునేది. మంచివాడేలే. ఏ సంగతీ తేల్చుకోలేడు, అదొక్కటే. ఎక్కడున్నా నేను? ఆఁ, గది.

గది మెట్ల కింద ఉండేది. పక్కన టైర్ల షాపు, దాని గాలిమిషను రోజంతా డుగ్గు డుగ్గుమంటూనే ఉండేది. గదిలో ఒక బల్ల, ఒక బెంచీ, ఒక ఫ్యాను, గోడకి ఒక కిటికీ. ఆ కిటికీ బయటే బండ్లు. ఫోనొస్తే అక్క అడ్రసు అడిగేది కాదు. క్వారీ వాళ్ళకీ, వంతెన కింద కాలనీ వాళ్ళకీ, గుట్ట మీద వాళ్ళకీ అడ్రసులెక్కడివి? "మీ గుమ్మంలో నిలబడితే ఎదురుగా ఏం కనిపిస్తుందండీ" అనేది. "నీళ్ళ ట్యాంకు." "ట్యాంకు ఎంత లావు కనిపిస్తుంది, బొటనవేలంతా, అరచెయ్యంతా?" ఇట్లా అడిగేది. చివర్న ఒకటి తప్పకుండా అడిగేది. "రోడ్డు మీదకొచ్చి చెయ్యి ఊపేదెవరు?" ఎవరో ఒకరి పేరు చెప్పించుకునేది. బండెళ్ళేసరికి అక్కడ ఒక మనిషి చెయ్యి ఊపుతూ ఉండాలి. అది ఆవిడ రూలు. ఆ ఇళ్ళు ఒక్కటీ ఆవిడ కళ్ళతో చూసింది కాదు, గదిలోంచి కదిలితే కదా. కానీ ఏ గుమ్మంలోంచి ఏం కనిపిస్తుందో అన్నీ తెలుసు. నాలుగు ముక్కలు రిజిస్టర్లో రాసుకుని, కిటికీ చువ్వల మీద చేతిగాజుతో టకటక కొట్టి నాకు చెప్పేది, నేను బండి తీసేవాణ్ణి. మీ అమ్మమ్మ దెప్పేది. ఇంట్లో నేను నాలుగుసార్లు పిలిస్తే పలకని మనిషి, అక్కడ ఆవిడ ఒక్కసారి చువ్వ కొడితే లేస్తాడట అని.

పదమూడేళ్ళు అట్లా నడిచింది. తర్వాత ఆవిడలో ఏదో తేడా వచ్చింది. ఏంటో మాకు తెలీలేదు. ఫ్యాను కట్టెయ్యమనేది, ఉక్కగా ఉందక్కా అంటే వినేది కాదు. ఫోను ఎప్పుడూ కుడిచెవికి పెట్టుకునేది, ఎడమచెవికి మార్చింది. అవతలి వాళ్ళు ఏదన్నా చెప్తే దాన్ని మళ్ళీ ఒక్కో మాటా పైకి అనేది, వాళ్ళతో ఔననిపించుకునేది. జాగ్రత్త ఎక్కువైందిలే, వయసు కదా అనుకున్నాం. మేం వెనకనుంచి పలకరిస్తే పలికేది కాదు, కోపమొచ్చిందేమో అనుకున్నాం. నాతో కాంపౌండరు ఉండేవాడు, బండి వెనకాల పేషెంటు దగ్గర కూర్చునేవాడు. అతనైతే వారంరోజులు ఆవిడకి క్షమాపణ చెప్పడానికి తిరిగాడు పాపం, తనేం తప్పు చేశాడో తెలీకుండానే.

ఒకరోజు పొద్దున నేను స్టీలు ట్రేలు కడిగి తెస్తూ గుమ్మంలో కాలు జారాను. నాలుగు ట్రేలు, ఆవిడ వీపు వెనకే, గచ్చు మీద. టైర్ల షాపు వాళ్ళు పరిగెత్తుకొచ్చారు. అక్క తిరగలేదు. కూర్చుని రిజిస్టరుకి గీతలు కొట్టుకుంటోంది. నేను ట్రేలు ఏరుతూ ముందుకెళ్తే అప్పుడు తలెత్తి, "ఎప్పుడొచ్చావు తమ్ముడూ" అంది. నా మొహం చూసి ఆవిడకే తెలిసిపోయింది. తలుపు దగ్గరికేసి చెప్పింది. కుడిచెవి పూర్తిగా పోయిందట. ఎడమది ఉందట గానీ కొన్ని శబ్దాలు వస్తాయట, కొన్ని రావట. ఫోనులో గొంతు చెవి మీదే పడుతుంది గనక వినపడుతుందట, పైగా మళ్ళీ అనిపించుకుంటున్నాను కదా, ఇంతవరకూ ఒక్కటీ తప్పలేదు కదా అంది. నిజమే, తప్పలేదు. "ఓనరుకి చెప్పకు తమ్ముడూ. ఈ కుర్చీ లేకపోతే నేనెవర్ని?" అంది. నేను చెప్పను అన్నాను. అదొక్కటే అన్నాను. డాక్టరుకి చూపించుకో అని కూడా అనలేదు. ఎందుకనలేదంటే... ఏమో. ఇంకో మనిషి ఆ కుర్చీలో నాకు ఊహకందలేదు, అంతే అనుకుంటా.

నాలుగు నెలలు. ఆ నాలుగు నెలలూ నేను గదిలో ఉన్నంతసేపూ ఆవిడ ఎదురుగానే కూర్చునేవాణ్ణి. పెదాలు కనపడేట్టు మాట్లాడేవాణ్ణి. మిగతావాళ్ళు నవ్వుకున్నారు కూడా, వీడేంటి సినిమా హీరోలా నోరంతా తెరిచి మాట్లాడుతున్నాడని.

మన ఊళ్ళో... ఆ ఊళ్ళో రెండు గేట్లుండేవి. ఒకటి రైలు గేటు, ఊరికి ఈ చివర, కట్టెల మిల్లు దాటాక. ఇంకొకటి జైలు గేటు, ఆ చివర, వంతెన అవతల. మా గది రెంటికీ మధ్యలో. నీకర్థమైంది కదా నేనేం చెప్పబోతున్నానో. అర్థం కాకుండా ఎలా ఉంటుందిలే. మొదటి అక్షరం ఒక్కటే తేడా. కానీ అంతకుముందు పదమూడేళ్ళలో ఎన్నిసార్లు వెళ్ళామో ఆ రెండు చోట్లకీ, ఒక్కసారి పొరపాటు జరగలేదు.

మధ్యాహ్నం రెండైంది. నేను ఆసుపత్రిలో ఒకావిణ్ణి దించి అప్పుడే వచ్చి కిటికీ దగ్గర ఆపాను. ఇంజను ఇంకా ఆపలేదు. పక్కన గాలిమిషను. అక్క చువ్వ కొట్టింది. "తమ్ముడూ, గేటు ఎదురు సందు, కుట్టుమిషను ఇల్లు, గుండెనొప్పి, కూతురు చెయ్యి ఊపుతుంది" అంది. ఏ గేటు? ఉండు, అదే చెప్తున్నా. రైలు గేటు అంది. అన్నది అదే అని నేను వెళ్ళాను. సైరన్ వేసి ఆరు నిమిషాల్లో గేటు దగ్గరున్నా. గేటు వేసి ఉంది. సందు పట్టాల అవతల. గూడ్సుబండి వస్తోంది. నీకు తెలీదు ఆ గూడ్సులు, మొదలు కనిపిస్తుంది గానీ చివర కనపడదు. నేను సైరన్ వేస్తూనే ఉన్నా, దాని ముందు నా సైరన్ ఎంత? కాంపౌండరు దిగి పెట్టెలు లెక్కపెడుతున్నాడు. ఆపవయ్యా అన్నా. పట్టాల అవతల పాపం ఆ పిల్ల చెయ్యి ఊపుతూ ఉంటుంది, మధ్యలో ఈ దరిద్రపు రైలు అని నేను స్టీరింగు మీద గుద్దుతున్నా.

గేటు ఎత్తారు. సందులో దూరాను. చెయ్యి ఊపేవాళ్ళెవరూ లేరు. అట్లా ఎప్పుడూ జరగలేదు, అప్పుడే అనుమానం రావాలి నాకు. కానీ కుట్టుమిషను చప్పుడు వినిపించింది. నిజంగానే అక్కడ ఒక కుట్టుమిషను ఇల్లుంది, ఏం చెప్పమంటావ్. స్ట్రెచరుతో లోపలికెళ్ళిపోయాం. ఒక లావుపాటావిడ కుట్టుకుంటోంది. "ఎవరికండీ గుండెనొప్పి?" అన్నాడు కాంపౌండరు. "ఎవరికి?" అంది ఆవిడ. "మీ అమ్మాయి ఫోను చేసింది." "నాకు అమ్మాయే లేదు." "మరి మీకెలా ఉందండీ?" "నాకేమైంది?" అంది. మళ్ళీ తనే గుండె మీద చెయ్యి వేసుకుని చూసుకుంది, పాపం మా కంగారు చూసి ఆవిడకీ కంగారు పట్టుకుంది. కాంపౌండరు ఆవిడ నాడి చూడటం మొదలెట్టాడు. బాగున్న మనిషిని నిలబెట్టి నాడి చూశాం మేము, జైలు గేటు దగ్గర ఒకాయన... సరే.

బండ్లో ఫోన్లూ వైర్లెస్సులూ లేవు అప్పుడు. సందు మొదట్లో కొట్టుంటే అక్కణ్ణుంచి గదికి ఫోను చేశాను. "వింటున్నానండీ." "అక్కా నేనే, రైలు గేటు దగ్గర ఎవరూ లేరక్కా." "ఆఁ అదే తమ్ముడూ, జైలు గేటు. ఎదురు సందు. ఆ పిల్ల మళ్ళీ చేసింది, ఇంకా రాలేదంటోంది. ఎక్కడున్నావ్?" అంది. అంటే ఏంటి? జైలు గేటు అంటోంది, అదే అంటోంది. మొదటే జైలు అందా? నేనే రైలు అని విన్నానా? లేకపోతే ఆ పిల్ల రెండోసారి గట్టిగా అరిచి చెప్తే అప్పుడు సరిగ్గా విందా? ఆలోచించే టైము లేదు. మళ్ళీ ఆ గేటు, మళ్ళీ ఊరంతా, వంతెన. ఆ రోజు నేను తోలినట్టు ఎప్పుడూ తోల్లేదు.

ఆ పిల్ల రోడ్డు మధ్యలో నిలబడి ఉంది. ఇరవై ఏళ్ళుంటాయేమో. చెయ్యి పైకెత్తే ఉంది. మేం ఆగాక కూడా దించలేదు, కాంపౌండరు వెళ్ళి దించాడు. లోపల ఆయన మిషనుకి ఆనుకుని నేల మీద కూర్చున్నాడు, మెళ్ళో కొలతల టేపు. నన్ను చూసి, "వచ్చారా" అన్నాడు. అంతే, కోపంగా కాదు, గిరాకీ వచ్చినట్టు అన్నాడు. ఆసుపత్రికి బతికుండగానే చేర్చాం. గంటకి పోయాడు. నేను డాక్టర్ని అడిగాను, ముందే తెస్తే? "ఏమో, చెప్పలేం. అరగంట ముందొస్తే ఉండేవాడేమో. వచ్చినా ఇంతేనేమో" అన్నాడు. రెండూ అన్నాడు. ఒకటి అని ఊరుకోవచ్చు కదా.

గదికొచ్చి అక్కకి చెప్పాను. మా ఇద్దరికీ ఒకే మాట అడగాలనుంది, ఇద్దరం అడగలేదు. సాయంత్రం దాకా ఫోన్లు ఎత్తుతూనే ఉంది. అయితే ప్రతి మాటా మూడేసిసార్లు అనిపించుకుంది, అవతల వాళ్ళు విసుక్కునేదాకా.

నాలుగో రోజు ఆ పిల్ల వచ్చింది. పొద్దున పది పదకొండు మధ్య. నేను బెంచీ మీద, ఓనరు తలుపుకి రంగు వేస్తున్నాడు, అక్క బల్ల దగ్గర కిటికీ వైపు తిరిగి రాసుకుంటోంది. ఆ పిల్ల గుమ్మంలోనే నిలబడి, గట్టిగా కూడా కాదు, "ఆ రోజు మా నాన్నకి బండి పంపిందెవరండీ? నేను జైలు గేటని మూడుసార్లు చెప్పాను" అంది. నేను లేచి నిలబడ్డాను. ముందే అనుకున్నానా అంటే లేదు. నోట్లోంచి వచ్చేసింది. "ఆవిడ సరిగ్గానే చెప్పిందమ్మా. ఇంజను చప్పుడులో నేనే రైలు అని విన్నాను. తప్పు నాది" అన్నాను. ఆ పిల్ల నా వంక చూసింది. ఏదో అనాలని వచ్చిందిలే, నేను ముందే ఒప్పేసుకున్నాను. తల ఊపి వెనక్కి తిరిగింది.

అక్కకి ఇదేమీ తెలీదు. ఆవిడ వీపు మా వైపుంది కదా. సరిగ్గా అప్పుడు రాయడం ఆపి తలతిప్పింది. గుమ్మంలో పిల్లని చూసింది. ఎప్పుడూ చూసిన మొహం కాదు, అయినా పోల్చేసుకుంది. లేచి, కొంచెం గట్టిగా, అప్పటికే ఆవిడ గొంతు అలవాటు తప్పి పెద్దదవుతోందిలే, "నువ్వు కుట్టుమిషనాయన కూతురివి కదమ్మా" అంది. ఆ పిల్ల ఔనంది. "నాకు చెవులు వినపడవమ్మా. ఏడాది కావస్తోంది. ఎవరికీ చెప్పకుండా ఈ కుర్చీలో కూర్చున్నాను. నువ్వు జైలంటే నేను రైలని వినుంటాను. బండిని అటు పంపింది నేనే."

ఓనరు చేతిలో కుంచె అట్లాగే ఉంది, రంగు కారి చెప్పు మీద పడుతోంది. ఆ పిల్ల ఆవిణ్ణి చూసింది, నన్ను చూసింది. మళ్ళీ ఆవిణ్ణి చూసింది. నేను "అక్కా, నువ్వు కాదు, నేను చెప్పేశాను" అంటున్నా, నా మొహం ఆవిడ వైపు లేదు కాబట్టి ఆవిడకది అందట్లేదు, తన పాటికి తను చెప్పుకుపోతోంది. ఇద్దరం ఒకేసారి నాదంటే నాదంటున్నాం. అప్పుడా పిల్ల బెంచీ మీద కూర్చుండిపోయింది. "నాకు కోప్పడ్డానికి ఒక్క మనిషినన్నా ఇవ్వండి" అంది. "మా అమ్మ ఇంట్లో కూర్చుని అడుగుతోంది, ఎవరు చేశారే, ఎవరు చేశారే అని. వెళ్ళి ఏం చెప్పను? ఇద్దరూ మంచివాళ్ళే అని చెప్పనా?"



ఓనరు మంచినీళ్ళు తెచ్చాడు, ఆ పిల్ల తాగలేదు. రిజిస్టరు చూపించమంది. చూపించాం. అక్క దస్తూరి, ఆ రోజు పేజీ. "గేటు ఎదురు సందు. కుట్టుమిషను. గుండె. కూతురు చెయ్యి ఊపుతుంది." అంతే ఉంది. ఏ గేటో లేదు. ఎప్పుడూ అట్లాగే రాసేది, నాలుగు ముక్కలు, మిగతాది నోటితో. ఆ పిల్ల చివరి ముక్క మీద వేలు పెట్టి, "నేను ఊపుతూనే ఉన్నాను" అంది. రిజిస్టరు మూసి బల్ల మీద తిన్నగా పెట్టి వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు. పోలీసుల దగ్గరికీ వెళ్ళలేదు, ఎక్కడికీ వెళ్ళలేదు. ఆ తర్వాత ఎన్నోసార్లు జైలు గేటు వైపు వెళ్ళాను, ఆ సందులో మిషను చప్పుడు వినిపించేది. ఆ పిల్లే కుడుతోందని చెప్పారు. ఒకసారి గుమ్మంలో కనపడింది, నేను బండి కొంచెం నెమ్మది చేశాను. చూసింది. లోపలికి వెళ్ళింది.

అక్క ఆ రోజే ఫోను వదిలేసింది. ఓనరు ఒకరోజు "ఇంటికెళ్ళమ్మా, నన్ను ముంచావు" అన్నాడు, మర్నాడు నన్నే పంపించి, "పిలుచుకురా పొడుగోడా, ఆవిడ లేని గది గదిలా లేదు" అన్నాడు, మూడోరోజు మళ్ళీ వద్దన్నాడు. చెవుల డాక్టరు దగ్గరికి తనే తీసుకెళ్ళాడు. మిషను పెట్టించాడు గానీ అది ఈల వేసేది, మాట వినపడేది కాదు. ఫోనుకి ఓనరు బావమరిది వచ్చాడు, గుమాస్తాగా చేసి రిటైరైనాయన. "ఎవరు, ఎక్కడ, ఎందుకు" అని అడిగేవాడు, అర్జీ రాయిస్తున్నట్టు. సగంమంది భయపడి ఫోను పెట్టేసేవాళ్ళు. అక్క అతనికి ఒక్కటి నేర్పింది. ఆ రెండు గేట్ల పేర్లూ ఇక మీదట ఎవరూ పలకడానికి వీల్లేదు. రైలుది కూత గేటు, జైలుది గోడ గేటు. ఫోను చేసినవాళ్ళతో కూడా అట్లా అనిపించేవాళ్ళం. ఊరికి అలవాటైపోయింది. అక్కడివాళ్ళు ఇప్పటికీ గోడ గేటంటారు, ఎందుకంటారో వాళ్ళకే తెలీదు.

తర్వాత కాంపౌండరు ఆసుపత్రిలో పని దొరికి వెళ్ళిపోతే, ఆవిడ బండి వెనకాల కూర్చుంటానంది. ఓనరు తల గీరుకున్నాడు. చెవిటి మనిషిని పేషెంటు దగ్గర ఎలా పెడతాం? పెట్టి చూశాం. కాంపౌండరైతే కిటికీలోంచి బయటికి చూసేవాడు, నాతో కబుర్లు చెప్పేవాడు. ఈవిడ చూపు తిప్పితే పేషెంటు ఏమన్నదీ తెలీదు కదా, అందుకని ఎక్కిన దగ్గర్నుంచి దించేదాకా వాళ్ళ మొహం మీదనుంచి కళ్ళు తియ్యదు. వాళ్ళూ ఈవిణ్ణే చూస్తుండేవాళ్ళు. ఒక పెద్దాయన, ఆరుగురు కొడుకులున్న మనిషి, దిగేటప్పుడు ఈవిడ చెయ్యి వదలడే. "నన్నింతసేపు ఎవరూ చూళ్ళేదు" అన్నాడు. ఏడేళ్ళు చేసింది ఆ పని. నేను ముందు, ఆవిడ వెనక. సైరన్ ఆవిడకి వినపడదు. దారిలో నేనేం అన్నా వినపడదు. నేను ఒక్కోసారి తోలుతూ తోలుతూ అడిగేసేవాణ్ణి. అక్కా, ఆ రోజు నువ్వేమన్నావక్కా అని. అద్దంలో చూస్తే పేషెంటు వైపు వంగి ఉండేది.

చూడు, సంగతేంటంటే, నేను ఆ పిల్లతో చెప్పింది అబద్ధమని అనుకుని చెప్పాను. అక్కని కాయడానికి. రైలు అన్నదని నాకు ఖాయంగా తెలుసు అప్పుడు. ఏడాది గడిచేసరికి అంత ఖాయం లేదు. ఇంజను, గాలిమిషను, చువ్వ మీద గాజు. అక్క మూతి నాకు కిటికీ చువ్వల మధ్య సగమే కనపడింది. ఇప్పుడు ఆ మధ్యాహ్నాన్ని తలుచుకుంటే ఒకసారి రైలంటుంది, ఒకసారి జైలంటుంది. నేను అబద్ధం అనుకున్నదే నిజమేమో. లేదా, చెప్పీ చెప్పీ అదే నిజమైపోయిందేమో. ఏదన్నా కానీ. నాలుగు నెలల ముందే నాకు తెలుసు కదే. ట్రేలు పడ్డ రోజు నుంచీ తెలుసు. ఆ పిల్లకి అది చెప్పలేదు. చేశానో లేదో తెలీనిదాన్ని గబుక్కున ఒప్పుకున్నాను, చేసింది నోట్లోనే పెట్టుకున్నాను. కోప్పడ్డానికి ఒక మనిషిని ఇవ్వండంటే, నేనున్నాను కదా అక్కడే, బెంచీ పక్కన. అక్క కూడా చెప్పలేదు, నన్ను కాయడానికి. అట్లా ఒకళ్ళనొకళ్ళం కాచుకుని ఆ పిల్లని ఉత్తచేతులతో పంపాం.

ఆఁ? లేదులే, బాగానే ఉన్నా. దగ్గు.

కంపెనీ అమ్మేశాక అక్క చెల్లెలి దగ్గరికి వెళ్ళింది. నేను నెలకోసారి వెళ్ళేవాణ్ణి. అప్పటికి రెండు చెవులూ పూర్తిగా పోయాయి, కళ్ళు మాత్రం బాగున్నాయి. దగ్గరి మాటలు పెదాలు చూసి పట్టేది, పట్టలేనివి పలక మీద రాయమనేది. వెళ్ళగానే పలకా సుద్దముక్కా నా ఒళ్ళో పెట్టేది. ఆఖరిసారి వెళ్ళినప్పుడు మంచం మీద ఉంది. చెల్లెలు బయట బట్టలు ఆరేసుకుంటోంది. ఇద్దరమే. ఇక లాభం లేదని, ఎదురుగా కూర్చుని, నోరు బాగా తెరిచి అడిగాను. "అక్కా, ఆ రోజు రైలన్నావా, జైలన్నావా?" నా మూతి వంకే చూసింది. మళ్ళీ అనమంది. మళ్ళీ అన్నాను. "రెండూ ఒక్కలాగే కనిపిస్తున్నాయి తమ్ముడూ, రాయి" అంది. పలక తీసుకున్నా. రాస్తే అయిపోయేది. నాలుగు మాటలు. సుద్ద పట్టుకుని కూర్చున్నాను, కూర్చున్నాను... చివరికి కాళ్ళనొప్పులు ఎలా ఉన్నాయని రాసి చూపించాను. ఆవిడ చదివింది. చదివి, పలక పక్కన పెట్టి, బండ్లో పేషెంట్లని చూసేదని చెప్పానే, అట్లా నా మొహం చూసింది చాలాసేపు. "నువ్వడిగింది ఇది కాదుగా" అంది.

...

ఆ తలుపు దగ్గరికి వెయ్యి తల్లీ. దుమ్మొస్తోంది.